బొల్లి, సోరియాసిస్‌కు లైటు చికిత్స: మొదటి సిట్టింగు నుంచి ఆపే రోజు వరకు

శ్రీకాకుళంలో చర్మవ్యాధుల విభాగంలో లైటు గదిని చాలా ఏళ్లు చూసుకున్న నర్సును నేను. తెల్లమచ్చలకు లైటు ఎలా పెట్టించుకోవాలి, వారానికి ఎన్నిసార్లు రావాలి, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అని పలాస నుంచీ, రాజాం నుంచీ, విజయనగరం నుంచీ తరచూ అడుగుతున్నారు. విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఒక క్రమంలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట మనసులో ఉంచుకోండి. ఈ లైటు దీపం కాదు, మందు. మాత్రకు ఎన్ని మిల్లీగ్రాములు అన్న లెక్క ఎలా ఉంటుందో, లైటుకు ఎన్ని మిల్లీజౌళ్లు (కాంతి శక్తిని కొలిచే ప్రమాణం) అన్న లెక్క అలాగే ఉంటుంది. చికిత్స ఫలించని వారిలో ఎక్కువ మంది దగ్గర నేను చూసిన లోపం యంత్రంలో లేదు, ఆ లెక్కను ఎవరూ రాసుకోకపోవడంలో ఉంది.

1. మీకు కావలసింది ఏ లైటు?

"ఫోటోడైనమిక్ థెరపీ కావాలి" అని వచ్చే వారిలో చాలామందికి అవసరమైనది వేరే చికిత్స. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఈ తికమక వస్తుంది.

ఫోటోడైనమిక్ థెరపీలో ముందు అమైనోలెవులినిక్ ఆమ్లం గానీ, దాని మిథైల్ రూపం గానీ ఉన్న లేపనాన్ని మచ్చ మీద రాసి, సాధారణంగా 3 గంటలు కప్పి ఉంచుతారు. రోగం పట్టిన కణాలు దాన్ని ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థంగా మార్చుకుంటాయి. ఆ తరువాత సుమారు 630 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవును కొలిచే ప్రమాణం) ఎర్రని వెలుగు పడితే, కణంలోని ఆక్సిజన్ తీక్ష్ణంగా మారి ఆ కణాన్నే చంపుతుంది. ఎండ వల్ల వచ్చే ఆక్టినిక్ కెరటోసిస్, బోవెన్ వ్యాధి (చర్మం పైపొర దాటని తొలిదశ క్యాన్సర్), పైపొరకే పరిమితమైన బేసల్ సెల్ క్యాన్సర్ వంటి వాటికి దీన్ని వాడతారు. లైటు పడుతున్నంతసేపూ మంట ఉంటుంది, తరువాత 48 గంటలు ఆ భాగానికి ఎండ తగలకూడదు. మన చామనఛాయ చర్మం మీద నల్లమచ్చ నెలల తరబడి మిగిలిపోవచ్చు. ఇది కణాన్ని చంపే చికిత్స కనుక రంగు తిరిగి రావలసిన బొల్లికి పనికిరాదు.

బొల్లికి, సోరియాసిస్‌కు ఎక్కువగా వాడేది నారోబ్యాండ్ యూవీబీ. ఇది 311 నుంచి 313 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత కాంతి. దీనికి ముందు మింగవలసిన మాత్ర ఉండదు. సోరాలెన్ మాత్ర మింగించి యూవీఏ లైటు పెట్టే పాత పద్ధతి పూవా, దానికి కంటి జాగ్రత్తలు మరింత కఠినంగా ఉంటాయి. ఈ వ్యాసమంతా నారోబ్యాండ్ గురించే.

2. మొదలుపెట్టే ముందు

తెల్లగా కనిపించిన ప్రతి మచ్చా బొల్లి కాదు. కళ్లు మూసుకుని, ఇంట్లో ఒకరిని దూదితో మచ్చ మీద తాకమనండి. తాకినట్టు తెలియకపోతే లైటు గురించి ఆలోచించకుండా వెంటనే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. దానికి మందు ఉచితంగా దొరుకుతుంది, పూర్తిగా నయమవుతుంది, ఆలస్యం చేస్తే నరాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. బొల్లి ఒకరి నుంచి ఒకరికి అంటదు.

రెండోది, మచ్చ ఎక్కడ మొదలైందో చూడండి. నుదుటి మీద సరిగ్గా స్టిక్కర్ బొట్టు పెట్టే చోట, పాదం మీద రబ్బరు చెప్పు పట్టీ ఆనే చోట రంగు పోయి ఉంటే, ఆ జిగురులోనో రబ్బరులోనో ఉన్న రసాయనమే కారణం కావచ్చు. దాన్ని మానకుండా ఎన్ని సిట్టింగులు పెట్టించుకున్నా ఒక వైపు పోస్తూ మరో వైపు చిల్లు పెట్టినట్టే.

మూడోది రాపిడి, దెబ్బ. బొల్లి, సోరియాసిస్ రెండూ గాయమైన చోట కొత్తగా పుడతాయి. మొలతాడు, లంగా బొందు బిగుతుగా ఒరుసుకునే నడుము చుట్టూ తెల్లటి పట్టీలా మచ్చ రావడం మా గదిలో తరచూ కనిపించేది. పలాస వైపు జీడిపిక్కల పనిచేసే ఆడవారి వేళ్ల మీద జీడి రసం కాలిన చోట్ల కొత్త మచ్చలు తేలేవి. చేతి తొడుగు లేకుండా ఆ పని చేస్తూ చేతులకు లైటు పెట్టించుకుంటే ఫలితం నిలబడదు.

డాక్టరుకు దాచకుండా చెప్పవలసినవి:

- ఎండలోకి వెళితే ముఖం మీద దద్దు రావడం, లూపస్ (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు) ఉన్నట్టు గతంలో ఎవరైనా చెప్పి ఉండటం
- చర్మ క్యాన్సర్ ఇంతకుముందు వచ్చి ఉండటం
- ఇప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర. ముఖ్యంగా డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్, నీరు తీసే ఫ్యూరోసెమైడ్, సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్
- నాటు మందులు, పసర్లు, నూనెలు, వాటి పేర్లు తెలియకపోయినా సరే
- గర్భం. నారోబ్యాండ్‌ను గర్భిణులకూ ఇవ్వవచ్చు, పూవా మాత్రం ఇవ్వరు. ఈ కాంతి శరీరంలోని ఫోలిక్ ఆమ్లాన్ని కొంత తగ్గించవచ్చు కనుక ఆ మాత్ర మానకూడదు

ఉద్దానం వారికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల నుంచి వచ్చే మూత్రపిండాల రోగులలో సోరియాసిస్ ఉన్నవారికి మెథోట్రెక్సేట్ ప్రమాదకరం, ఎందుకంటే ఆ మందు బయటికి పోవలసింది మూత్రపిండాల గుండానే. అటువంటి వారికి లైటు ఒక మంచి దారి. డయాలసిస్ చేయించుకునే వారిని రాత్రంతా నిద్రపోనివ్వని దురదకు కూడా యూవీబీ ఇస్తారు. మీ డయాలసిస్ రోజులు చెబితే సిట్టింగులను వాటి మధ్య రోజుల్లో అమర్చవచ్చు.

చివరిగా ప్రయాణం లెక్క వేసుకోండి. వారానికి 3 సార్లు చొప్పున కనీసం 6 నెలలు రాగలరా? టెక్కలి నుంచి బస్సులోనో, ఆమదాలవలసలో రైలు దిగో వచ్చేవారికి ప్రతి సిట్టింగుకూ సగం రోజు పోతుంది. ఇంట్లో అందరూ కూర్చుని దీన్ని ముందే తేల్చుకోవాలి. వారానికి 2 సార్లు వచ్చినా పనిచేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. నెల రోజులు వరుసగా వచ్చి రెండు నెలలు మానేయడం కంటే, వారానికి రెండేసి సార్లు తప్పకుండా రావడం ఎంతో మేలు.

3. నోటు పుస్తకం

ఆసుపత్రిలో రాసే రిజిస్టరు ఆసుపత్రిది. మీ దగ్గర మీదైన పుస్తకం ఒకటి ఉండాలి. కూలి పనికి హైదరాబాదో చెన్నయో వెళ్లవలసి వచ్చినప్పుడు, అక్కడి లైటు గదిలో మీ తరఫున మాట్లాడేది అదే.

ప్రతి సిట్టింగుకూ ఒక వరుస, అందులో ఈ గడులు:

- తేదీ, సిట్టింగు సంఖ్య
- డోసు మిల్లీజౌళ్లలో (సెకన్లు రాసినా సరే, మిల్లీజౌళ్లు తప్పకుండా రాయాలి)
- ఆ రాత్రి, మర్నాటి ఉదయం ఎరుపు: లేదు, గులాబీ, బాగా ఎరుపు, నొప్పి లేదా బొబ్బ
- కొత్తగా వేసుకున్న మందులు

మొదటి రోజు, ఆపైన నెలకోసారి, ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరంలో మచ్చల ఫొటోలు తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూసుకునే కంటికి మార్పు తెలియదు.

4. సిట్టింగు రోజు ఏం చేయాలి

ఉదయం స్నానం చేసి, చర్మం మీద ఏమీ రాయకుండా రండి. పౌడరు, సెంటు, సన్‌స్క్రీన్, లేపనాలు ఏవైనా కనీసం 4 గంటల ముందే ఆపాలి. సోరియాసిస్ పొట్టుకు రాసే సాలిసిలిక్ ఆమ్లం లేపనం ఈ కాంతిని పైపైనే మింగేస్తుంది, అందువల్ల దాన్ని లైటు అయ్యాకే రాయాలి. కాల్సిపోట్రయాల్ లేపనానికీ ఇదే వరుస. పొట్టు మందంగా ఉంటే గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెత్తగా తుడిచి రావాలి, గోళ్లతో గీకకూడదు. డాక్టరు చెప్పినప్పుడు మాత్రం లిక్విడ్ పారఫిన్‌ను పలుచగా రాస్తారు.

గదిలో క్రమం ఇది:

- పుస్తకం ఇచ్చి, గత సిట్టింగు తరువాత ఎరుపు వచ్చిందో లేదో నోటితో కూడా చెప్పండి.
- గాగుల్స్ పెట్టుకోండి. కనురెప్పల మీద మచ్చ ఉన్నవారికి డాక్టరు అనుమతిస్తే, అంతసేపూ కళ్లు గట్టిగా మూసుకునే షరతు మీద వాటిని తీస్తారు.
- మగవారు మర్మాంగాలను కప్పుకోవాలి. ముఖం మీద మచ్చలు లేకపోతే ముఖాన్నీ గుడ్డతో కప్పుతారు.
- ప్రతిసారీ ఒకే రకం లోదుస్తులు వేసుకోండి. నేడు పొడవైనది, రేపు పొట్టిది వేసుకుంటే, ఇంతవరకు లైటు తగలని చర్మం మీద ఒక్కసారిగా పెద్ద డోసు పడుతుంది. తొడ పైభాగంలో గీత గీసినట్టు కాలిన వారిని నేను చూశాను.
- ఛాంబరు మధ్యలో గుర్తు ఉన్న చోట, ప్రతిసారీ అదే భంగిమలో నిలబడండి.
- యంత్రం ఆగాక గాగుల్స్ తీయండి, డోసు రాయించుకోండి.

పిల్లల విషయంలో వయసు కన్నా నిలకడ ముఖ్యం. తలుపు మూసిన పెట్టెలో ఒక నిమిషం కదలకుండా, గాగుల్స్ లాగేయకుండా నిలబడగలిగిన పిల్లవాడికి పెట్టవచ్చు. నేను మొదటి రోజు లైటు వేయకుండానే లోపల నిలబెట్టి, బయటి నుంచి అంకెలు లెక్కపెట్టించేదాన్ని. రెండో రోజుకు భయం పోయేది.

5. డోసు ఎలా పెరుగుతుంది

బొల్లికి మొదటి డోసు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజౌళ్లు. ఎరుపు రాకపోతే ప్రతి సిట్టింగుకూ 10 నుంచి 20 శాతం పెంచుతారు. ముఖానికి 1500, ఒంటికి 3000 మిల్లీజౌళ్లు దాటనివ్వరు. వరుసగా రెండు రోజులు ఎప్పుడూ పెట్టకూడదు. సోరియాసిస్‌కు మొదటి డోసును మీ చర్మం రంగును బట్టి గానీ, వీపు మీద చిన్న గళ్లలో వేర్వేరు డోసులు ఇచ్చి 24 గంటల తరువాత ఎరుపు ఎక్కడ మొదలైందో చూసి గానీ నిర్ణయిస్తారు.

సెకన్లు, మిల్లీజౌళ్లు ఒకటి కావు. ఈ తేడాను ఒక లెక్కతో చూడండి. మీ యంత్రం సెకనుకు చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీజౌళ్లు ఇస్తుందనుకుందాం. 200 డోసుకు 40 సెకన్లు పడుతుంది. 15 శాతం పెంచితే 230, అంటే 46 సెకన్లు. ఆపై సుమారు 265, అంటే 53 సెకన్లు. ఇప్పుడు పాత ట్యూబులు తీసి కొత్తవి వేశారు, అవి సెకనుకు 8 మిల్లీజౌళ్లు ఇస్తున్నాయి. అదే 53 సెకన్లు పెడితే చర్మం మీద పడేది 424.

ఇది ఊహించి రాసిన ప్రమాదం కాదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక చోట ట్యూబులు మార్చిన మర్నాడు, పాత సెకన్ల ప్రకారమే ఒక డిగ్రీ విద్యార్థికి లైటు పెట్టాను. సాయంత్రం వరకు బాగానే ఉన్నాడు. తెల్లవారి వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. మోచేతుల మీద మచ్చలన్నీ కందిపోయి, చొక్కా తగిలితే ఓర్చుకోలేకపోతున్నాడు. మీటరుతో కొలవవలసిన పని నాది, నేను చేయలేదు. ఆ రోజు నుంచి ట్యూబులు మార్చిన తేదీని గోడ మీద ఎర్ర సిరాతో రాసి పెట్టేదాన్ని. మీరూ అడగండి: "ట్యూబులు ఎప్పుడు మార్చారు? మార్చాక కొలిచారా?" ఈ ప్రశ్నకు ఏ గదిలోనూ నొచ్చుకోకూడదు.

6. ఆ రాత్రి, మర్నాడు

లైటు ఎరుపు వెంటనే రాదు. సాధారణంగా 8 నుంచి 24 గంటల మధ్య ముదురుతుంది. అందుకే ఉదయం పెట్టించుకుంటే పడుకునే ముందు ఒకసారి, మర్నాడు లేచాక ఒకసారి చూసుకోవాలి. బొల్లి మచ్చ మీద గులాబీ రంగు సులువుగా కనిపిస్తుంది. సోరియాసిస్ ఉన్న ముదురు చర్మం మీద రంగు తెలియదు కనుక, చేతి వెనుక భాగంతో తాకి వేడిగా ఉందా, నొక్కితే నొప్పి ఉందా అని చూడాలి.

బొల్లికి, చూసిన దాన్ని బట్టి తరువాతి సిట్టింగు ఇలా ఉంటుంది:

- ఎరుపు లేదు: డోసు పెంచుతారు.
- లేత గులాబీ, నొప్పి లేదు: అది తగ్గేదాకా డోసు పెంచకుండా అదే ఇస్తారు. ఒక రోజులో తగ్గిపోయే ఈ గులాబీ, డోసు సరైన మోతాదుకు చేరిందనే గుర్తు.
- బాగా ఎరుపు, నొప్పి లేదు: లేత గులాబీకి దిగేదాకా ఆపి, అంతకుముందు తట్టుకున్న డోసుతో మళ్లీ మొదలుపెడతారు.
- నొప్పి, వాపు, బొబ్బలు: పూర్తిగా మానేదాకా ఆపాలి, డాక్టరుకు చూపించాలి. చల్లటి తడి గుడ్డ వేయవచ్చు. బొబ్బ చిదమకూడదు. పేస్టు, పసుపు, సున్నం రాయకూడదు.

ఎరుపు వచ్చిందంటే లైటు ఆపేస్తారని భయపడి దాచేవారు ఉన్నారు. దాచితే డోసు పెరుగుతుంది, ఆపైన కాలుతుంది, అప్పుడు నెల రోజులు ఆపవలసి వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన వారికి ఆగేది రెండు మూడు రోజులే.

7. సిట్టింగులు తప్పితే

సంక్రాంతి, సిరిమానోత్సవం, నాట్లు, కోతలు ఉండనే ఉంటాయి. తప్పడం తప్పు కాదు, తప్పాక పాత డోసుతోనే నిలబడటం తప్పు. చివరి సిట్టింగు నుంచి రోజులు లెక్కపెట్టండి.

- 4 నుంచి 7 రోజులు: పాత డోసే, పెంచరు.
- 8 నుంచి 14 రోజులు: 25 శాతం తగ్గిస్తారు. 800 ఉన్నవారికి 600.
- 15 నుంచి 21 రోజులు: సగం. 800 ఉన్నవారికి 400.
- 3 వారాలు దాటితే: మళ్లీ 200 నుంచి.

ఇది కూడా బొల్లికి వాడే లెక్క. సోరియాసిస్‌కు మీ డాక్టరు వేరుగా చెప్పవచ్చు.

8. తరచూ జరిగే తప్పులు, వాటికి దిద్దుబాటు

అన్నిటికన్నా ఎక్కువగా చూసింది బావంచాల నూనె. బావంచాలలో సోరాలెన్ ఉంటుంది, అంటే పూవాలో మాత్రగా ఇచ్చే జాతి మందే. పూవాలో ఆ మందుకూ, లైటుకూ కొలత ఉంటుంది. ఇంట్లో నూనె రాసి మధ్యాహ్నం ఎండలో కూర్చుంటే దేనికీ కొలత ఉండదు. అరచేయంత బొబ్బలతో వచ్చిన వారికి కట్లు కట్టాను. ఆ కాలిన చోటే బొల్లి మరింత విస్తరించిన వారూ ఉన్నారు. లైటు చికిత్సలో ఉన్నంతకాలం బావంచాలు పూర్తిగా మానాలి, ఇప్పటికే రాసి ఉంటే సిట్టింగుకు ముందే ఆ మాట చెప్పాలి.

రెండోది, ఎండ. "ఎండ కూడా ఎలుతురే కదమ్మా, పొలంలో నిలబడితే సాలదేటి?" అని ఒక పెద్దాయన అడిగారు. ఎండలో 311 ఒక్కటే ఉండదు. చర్మాన్ని కాల్చే కిరణాలూ కలిసి వస్తాయి, గంటగంటకూ తీవ్రత మారుతుంది. లైటు పెట్టించుకున్న రోజు ఎండ కూడా తగిలితే రెండు డోసులు కలిసినట్టే. ఆ రోజు పొడుగు చేతుల చొక్కా, గొడుగు, తెరిచి ఉండే భాగాలకు సన్‌స్క్రీన్ తప్పవు. వేటకు వెళ్లేవారికి నీటి మీది మెరుపు కూడా కిందినుంచి తగులుతుంది కనుక, వేట లేని రోజులకు సిట్టింగు పెట్టుకోవాలి.

మూడోది, తప్పుడు లైటు కొనడం. గదులను శుద్ధి చేయడానికి వాడే 254 నానోమీటర్ల ట్యూబు యూవీసీ, అది కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది. గోళ్ల రంగు ఆరబెట్టే పెట్టె యూవీఏ. ఏదీ దీనికి బదులు కాదు.

9. ఇంట్లో వాడే చేతి లైటు

మచ్చలు కొద్దిగానే ఉండి, ఊరు దూరమైన వారికి డాక్టరు చేతి లైటు రాయవచ్చు. కొనేముందు 311 నానోమీటర్లు అని ట్యూబు మీద ఉందో లేదో, టైమరు, గాగుల్స్, నిర్ణీత దూరం ఉంచే దువ్వెన వంటి అమరిక ఉన్నాయో లేదో చూడాలి. దూరం కొంచెం మారినా డోసు మారిపోతుంది. మచ్చ చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని గుడ్డతో కప్పాలి. మొదటి కొన్ని సిట్టింగులు ఆసుపత్రిలోనే చేసి చూపించమని అడగండి, నెలకోసారి పుస్తకం పట్టుకుని వెళ్లండి. లైటు వెలుగుతున్నంతసేపూ గదిలో పిల్లలు ఉండకూడదు.

10. ఫలితం ఎప్పుడు, ఆపేది ఎప్పుడు

సోరియాసిస్‌లో సాధారణంగా 20 నుంచి 30 సిట్టింగులకు పొట్టు పోయి చర్మం చదునవుతుంది. బొల్లికి ఓపిక ఎక్కువ కావాలి. 18 నుంచి 36 సిట్టింగుల మధ్య తొలి మార్పు చూడవచ్చు, 48 పూర్తికాకుండా పనిచేయలేదని తేల్చకూడదు. కొందరికి 72 దాటాకే రంగు పట్టడం మొదలవుతుంది.

ఆ తొలి మార్పు ఎలా ఉంటుందో తెలియక చాలామంది నిరాశపడతారు. తెల్లమచ్చ అంచు నుంచి మూసుకుపోతుందని ఎదురుచూస్తారు. నిజానికి ఎక్కువగా మచ్చ మధ్యలో, వెంట్రుక మొలిచే ప్రతి రంధ్రం చుట్టూ నువ్వుగింజంత గోధుమరంగు చుక్క తేలుతుంది. రంగు కణాలు వెంట్రుక మొదలు నుంచి పైకి వస్తాయి కనుక అలా జరుగుతుంది. చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ముఖం, మెడ త్వరగా స్పందిస్తాయి. వెంట్రుకలు లేని వేళ్ల చివరలు, పెదవులు, వెంట్రుకలు కూడా తెల్లబడిన మచ్చలు మొండిగా ఉంటాయి. ఈ మాట మొదటి రోజే చెప్పించుకోవాలి, లేకపోతే వేళ్లను చూసుకుని, బాగుపడుతున్న ముఖానికీ చికిత్స మానేస్తారు.

మచ్చలో ముప్పావు వంతుకు పైగా రంగు వచ్చాక ఒక్కసారిగా ఆపకూడదు. మొదటి నెల వారానికి 2 సార్లు, రెండో నెల వారానికి ఒకసారి, మూడో నెల రెండు వారాలకు ఒకసారి ఇచ్చి, నాలుగో నెలలో ఆపుతారు. ఆపాక వారానికి రెండు రోజులు టాక్రోలిమస్ లేపనం రాస్తే మచ్చ తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది, అది మీకు సరిపోతుందో లేదో డాక్టరును అడగండి. ఏడాదికోసారి ఒళ్లంతా చూపించుకోండి.

పుస్తకాన్ని మాత్రం పారేయకండి. ఎప్పుడైనా మచ్చ తిరిగివస్తే, ఏ డోసుకు మీ చర్మం గులాబీ అయిందో, ఎన్నో సిట్టింగుకు మొదటి చుక్క తేలిందో అందులోనే ఉంటుంది. చివరి పేజీలో మొత్తం సిట్టింగుల సంఖ్య, గరిష్ఠ డోసు, ఆపిన తేదీ రాసి, ఓపీ చీటీలతో కలిపి ప్లాస్టిక్ కవరులో భద్రపరచండి.